ఎవురి కాలికి

అలిపిరి చెప్పుల స్టాండులో మా అమ్మ చెంగమ్మకి
చదువు లేదు, చూపు ఉంది.
గోతంలోంచి గుమ్మరించిన కుప్పలో
ఏ ఎడమకి ఏ కుడి జతో
అరిగిన మడమ చూసి చెప్పేస్తుంది.

నా ఫ్లాస్కులోనూ రోజూ ఇదే కుప్ప.
ఒకే బరువు, ఒకే మరిగే వేడి,
కాకపోతే ఒకటి ఎడమది, ఒకటి కుడిది.
అద్దంలో చూస్తే కవలలు,
ఒకదాని మీద ఒకటి పెడితే మాత్రం
బొటనవేళ్ళు చెరో దిక్కుకి.

ఇదీ ఒక తేడానా అన్నాడు కొత్తగా చేరిన ఖాజావలి.
వాడి ముక్కు కింద రెండు సీసాలు పెట్టాను.
"పుదీనా."
"షాజీరా."
రెండూ ఒకే అణువురా, చేతులే వేరు.
వాడు కాసేపు ఆలోచించి
"అయితే మా నాన్న బిర్యానీ రెసిమిక్కా మేడమ్" అన్నాడు.
వారం రోజులు నవ్వుకున్నాం.

ముక్కు పసిగడుతుంది. రక్తమూ పసిగడుతుంది.
మందులో ఒక చెయ్యి నొప్పిని తీస్తే
దాని అద్దంలోది ఊరికే తిరిగి పోవచ్చు,
పోకుండా ఏ లేత ఎముకనో పట్టుకోనూవచ్చు.

తనకంటూ ఒక చెయ్యి లేనిదేదీ
ఒక చేతినే పుట్టించలేదు.
అందుకే చిటికెడు ప్రోలీన్ వేస్తాను.
ఐసులో ఉప్పు కలిపి, ఫ్లాస్కుని మెడదాకా ముంచి,
రాత్రంతా అయస్కాంతపు పుల్ల టకటక వింటూ కూర్చుంటాను.
అది వచ్చినదాని చెయ్యి పట్టుకుంటుంది,
ఒక పక్క తలుపు మూసేస్తుంది,
క్యూ కాంప్లెక్సులో వాలంటీరు మాదిరి
ఇటు కాదు, అటు పోండి అంటుంది,
పని అయ్యాక చెయ్యి వదిలేసి
మళ్ళీ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడుతుంది.

అమ్మకి ఇది చెప్పడానికి మూడేళ్ళు పట్టింది నాకు.
చివరికి ఆమె గూట్లోని రేకుబిళ్ళే చూపించాను.
నలభై ఒకటో నంబరు.
పొద్దున కడప ఆయన జేబులో కొండెక్కింది,
బస్సులో దిగింది, చెప్పులిప్పించింది,
మధ్యాహ్నం వేలూరు పెద్దావిడ కొంగులో ముడి.
అరగలేదు, మారలేదు,
ఎవరి జత వాళ్ళకి చేర్చి గూటికొచ్చింది.
"ఓ, ఇదేనా," అనింది అమ్మ,
"దీనికా నీకు స్కాలర్‌షిప్పు!"

అరవై రెండు. డెబ్బై ఒకటి.
నీటిచుక్క ఎక్కువై ఒకసారి పద్నాలుగు,
ఆ రాత్రి మెస్సులో అన్నం సయించలేదు.
పోయిన గురువారం తొంభై ఎనిమిది.
తెరమీద రెండే గీతలు లేచాయి:
ఒకటి శేషాచలం,
ఇంకొకటి దాని పాదం దగ్గర ఎవరో మొక్కుకుని
పేర్చిపోయిన మూడు రాళ్ళు.
అంటే నూటికి తొంభై తొమ్మిది కుడి, ఒక్కటి ఎడమ.
గైడు భుజం తట్టి, పేపరు రాయమన్నారు.

పాలకోవా కొనుక్కుని స్టాండుకి పోయాను.
అమ్మ దిగులుగా ఉంది.
గరుడసేవ రద్దీలో ఎవరో
రెండూ ఎడమవే తొడుక్కుని పోయారంట.
ఇంకొకాయన వట్టికాళ్ళతోనే బస్సెక్కాడు.
గూట్లో రెండు కుడివి మిగిలాయి,
ఒకటి నీలం పట్టీది, ఒకటి తోలుది.
"చీకట్లో తెలీలేదేమో మే. ఎట్టా నడస్తా ఉండాడో.
నేనే ఇచ్చుంటా, నా చేత్తోనే."

నేను తొంభై తొమ్మిది అని చెప్పాను.
ఆమె కోవా నోట్లో వేసుకుని
ఆ నీలం చెప్పు కొంగుతో తుడిచి
"మంచిదే," అనింది.
తర్వాత కాసేపటికి,
ఎవరికో బిళ్ళ ఇస్తా ఇస్తా వెనక్కి తిరిగి,
"ఆ ఒకటి ఎవురి కాలికి పోతుంది మే?"

ఈ రాత్రి ఐసులో ఇంకో గుప్పెడు ఉప్పు వేశాను.
ఇంకో నాలుగు డిగ్రీలు దిగాలి.
పేపరు రేపు రాస్తాను,
లేదా ఎల్లుండి.