సెకనుకి పన్నెండు

మార్కాపురంలో మా నాన్న
పలకలకి చట్రాలు బిగిస్తాడు.
నాలుగు చెక్కలు, నాలుగు మూలలు, ఎనిమిది మేకులు.
నేను చేసేదీ చట్రాల పనే అంటే
"యాడమ్మా, చేతికి ఒక్క దెబ్బన్నా తగల్లేదే" అంటాడు.

నావి సెకనుకి పన్నెండు.
అద్దం పగిలిన ఫోను మీద, వేలికొసతో.

మొదట తీసుకొచ్చింది కత్తివీరుణ్ణి.
ఆటలో ఏడు కోటలు కూల్చినోడు.
హైస్కూలు గేటు దగ్గర నబీసాబు వాడి కత్తి ఊడబెరికి
చీపుర్ల పక్కన ఆనించాడు.
"సాయంత్రం బెల్లు కొట్టినాక తీసకపో అబ్బయ్యా."
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
వీరుడు జేబులు వెతుక్కున్నాడు.
నేను జేబులు గీయలేదు.
రెండో భాగంలో గీశాను.

తర్వాత గెంతే పిల్లోడు.
తలతో ఇటుకని కుమ్మితే నాణెం రాలుతుందని వాడి నమ్మకం.
తొమ్మిది బి గోడకి మూడు బొక్కలు.
రాలింది కాస్త సున్నం, ఒక బల్లి,
ఎప్పుడో ఎవరో దాచిన పరీక్ష చీటీ.

కోటలో బందీగా ఉండే రాకుమారి
రాయవరం నుంచి సైకిల్ మీద వస్తుంది.
"కాపాడనా?" అని ఎవరైనా ఎదురొస్తే
"చైన్ ఊడింది, ఎక్కించడం వచ్చా?" అంటుంది.
వీరులెవరికీ రాదు.
తనే ఎక్కించుకుని
గ్రీజు చెయ్యెత్తి హాజరు పలుకుతుంది.

భూతం మాత్రం వెనక బెంచీలో.
ఎప్పుడూ చివర్లో కనపడటమే దానికి అలవాటు.
నిప్పులు ఊదే నోట్లో
పళ్లకి పచ్చమచ్చలు పెట్టాను.
మా బోరు నీళ్లు తాగితే
భూతమైనా అంతే.

మాటలు రికార్డు చేసేది గోడౌన్లో, రాత్రి పూట,
గోతాలు కప్పిన పలకల దొంతుల మధ్య.
వీరుడి గొంతు మాలకొండయ్యది.
ఏడో భాగం నాటికి అది పగిలింది.
"శత్రువులారా!" అని ఎత్తుకుంటే
సగం చంటిపిల్లోడు, సగం వాళ్ల నాన్న.
వేరేవాణ్ణి పెట్టమంది పుష్పలీల.
మాలకొండయ్య గోతం మీద కూర్చుని
గోరుతో పలక గీకుతున్నాడు.

రెండు రోజులు బొమ్మ ముట్టుకోలేదు.
ఆటలో వీరుడికి వయసు లేదు.
పడి చచ్చిన ప్రతిసారీ
అదే ముఖంతో మొదటి మెట్టు మీద లేస్తాడు.
మూడు ప్రాణాలుంటాయి, మీసం ఉండదు.
బళ్లో ఎట్లా కుదురుతుంది?
ఒకటే ప్రాణం,
ఏటేటా పొట్టయ్యే లాగు.

గొంతు అట్లాగే ఉంచేశాను.
పై పెదవి మీద ఆరు చుక్కలు పెట్టాను.
తరగతంతా విరగబడి నవ్వింది.
వీరుడు తల దించుకున్నాడు.
అప్పుడు వెనక బెంచీ నుంచి భూతం,
బొంగురుగా, మెల్లగా:
"నాకూ మొన్న అట్లానే అయింది."

ఆ మాట నేను రాసింది కాదు.
భూతానికి గొంతిచ్చే జరీనా
కాగితం చూడకుండా అనేసింది.

నాన్నకి చూపించాను.
"ఎంతసేపు?"
నాలుగు నిమిషాలు.
"చట్రాలెన్ని?"
రెండువేల ఎనిమిదొందల ఎనభై.
ఆయన రోజుకి ఆరొందలు బిగిస్తాడు.
"అంటే ఐదు రోజుల కూలి" అన్నాడు,
ఎవరు ఎవరికి బాకీయో చెప్పకుండా.
కాసేపాగి,
"వీళ్లెవరికీ పలక లేదేందమ్మా?"

హైస్కూలు కదా నాన్నా, నోటుబుక్కులు.
తలూపాడు.
మా వీధిలో ఈ ఏడు
రెండు షెడ్లు మూతపడ్డాయి.

ఎనిమిదో భాగంలో
నబీసాబు చేతికి ఒక పలక ఇచ్చాను.
దాని మీద సుద్దముక్కతో: కత్తులు, ఒకటి.
మూలల్లో ఎనిమిది మేకులూ
కనపడేట్టు గీశాను.

నాన్న బొమ్మ ఆపమన్నాడు.
ఫోను ముక్కు దగ్గరికి పెట్టుకుని
వేలితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టాడు.
"ఆరోది వంకర పోయింది" అన్నాడు.