మధ్య రకం

పత్తి యార్డు రసీదు పుస్తకం చివర
ఎప్పుడూ కొన్ని తెల్ల కాగితాలుంటాయి.
ఒకదాని నెత్తిన "కేరళ" అని రాసి
కింద గీత గీశాను.
వంకర పోయింది.
మద్దిలేటి లేచి స్కేలు తెచ్చిచ్చాడు.

యాభై వేల చీటీ
తొమ్మిది వేలు పోగొట్టుకొని పాడితే
చేతికొచ్చింది నలభై ఒకటి.
"ఇంగో రెణ్ణెల్లు ఆగింటే కోత తగ్గుతుండె"
అన్నాడు, పదకొండేళ్ళుగా ఆగుతున్న మనిషి.

సత్రంలో చాప వద్దు,
ఈతకొలనున్న హోటలూ వద్దు.
గడియ పడే తలుపు, వేడినీళ్ళు,
ముక్కు దగ్గర పెట్టుకోగలిగిన దుప్పటి.
మధ్య రకమంటే ఇంతే కదా అనుకున్నాం.
రాయబోతే తెలిసింది
మధ్యన ఎంత జాగా ఉందో.

స్లీపరా, ఏసీనా?
పోయేటప్పుడు ఉషారుగా ఉంటాం, స్లీపరు చాలు.
వచ్చేటప్పుడు అలిసిపోతాం, ఏసీ.
నలుగురికీ రానూ పోనూ ఎనిమిది వేలు.
కాటా గుమాస్తా కదా,
ముల్లు నడిమికొచ్చేదాకా ఊపిరి బిగబట్టి
అప్పుడు రాసుకున్నాడు.

కారు మూడు దినాలకు పదివేల ఐదు నూర్లు.
తిండి ఆరు దినాలకు తొమ్మిదివేల ఆరు నూర్లు.
"ఆ దుడ్డుతో ఈడ నెల తింటాం" అని
వదిన సుంకులమ్మ అప్పుడే
ఎండు జొన్నరొట్టెలు ఎన్ని కాల్చాలో లెక్క మొదలుపెట్టింది.
రెండు డబ్బాలు బుడ్డల పొడి,
ఒకటి గురెళ్ళ పొడి.
వాటి బరువు మోసేదెవరో
ఏ గడిలోనూ లేదు.

పడవ ఇల్లు, రాత్రికి ఎనిమిది వేలు.
మేఘన నోరెత్తలేదు.
ఫోన్లో ఆ బొమ్మను మాత్రం
పెద్దది చేసింది, చిన్నది చేసింది, పెద్దది చేసింది.
కొట్టేసి, పక్కన
"పడవ, ఒక గంట, తొమ్మిది నూర్లు" అని రాశాను.
కొట్టివేత కింద పాత అంకె
ఇంకా చదవొస్తోంది.

రూము దగ్గర ఆగిపోయాం.
కొండమీది హోటలాయనకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.
ఆయన హిందీ సగం, నాది సగం.
జూలైలో అయితే పద్దెనిమిది నూర్లకే ఇస్తాడట,
పరుపు ఒకటి ఎక్కువేసి.
కానీ మేడమ్, అని గొంతు తగ్గించాడు.
అప్పుడు పొద్దున్నుంచీ రాత్రిదాకా వాన,
కొండా కనపడదు, లోయా కనపడదు,
తర్వాత నన్ననొద్దు.

ఇంట్లో ఎవరం మాట్లాడలేదు.
వదినే ఫోనుకు దగ్గరగా వంగి
"దినమంతానా?" అంది తెలుగులో.
ఏమర్థమైందో ఏమో, ఆయన
వానకు క్షమాపణ చెప్పాడు.

ఐదు రాత్రులు, తొమ్మిది వేలు. ఖాయం.

చిల్లర మల్లర రెండు వేలు పోగా మిగిలింది వెయ్యి.
అప్పుడు మద్దిలేటి పెన్ను తీసుకొని
కింద తన రాతలో "వాన" అని రాశాడు.
ఎదురుగా గడి ఖాళీగా వదలడం చేతకాక
చిన్న గీత పెట్టాడు.
గీతను చూస్తుంటే గుర్తొచ్చింది,
గొడుగులు!

ఇంట్లో ఉన్నది ఒక్కటి.
యార్డులో ఎండకు పట్టేది.
నలుపు పోయి బూడిద రంగుకొచ్చింది, రెండు చోట్ల చిల్లులు.
ఇన్నేళ్ళూ అవి మాకు
చిల్లులని తోచలేదు.

నాలుగు గొడుగులు, ఒకటి రెండు నూర్ల యాభై.
"నాకొద్దు" అంది మేఘన.
ఎందుకని ఎవరూ అడగలేదు.
మూడు అని దిద్దాను.

మే నెల మిట్టమధ్యాన్నం ఆదోని బజార్లో
షేక్షావలి అంగడికి పోయి గొడుగులడిగితే
అలవాటు కొద్దీ ఎండ గొడుగులు తీశాడట.
"వానకు" అన్నాడట మద్దిలేటి.
షేక్షావలి గల్లాపెట్టె దిగి గడప దాకా వచ్చి
ఒకసారి పైకి చూశాడట.

ఒక్కోదానికి ఇరవై తగ్గించాడు.
ఆ అరవై రూపాయలు
ఏ గడిలో వెయ్యాలో
ఇంకా తేలలేదు.