ఒక్క కణుపు

తుఫాను రాత్రి తాత గరాయ్
ఇంటి కప్పుని గాలికొదిలేసి
కావా కర్రల్ని చంకన పెట్టుకొచ్చాడు.
బియ్యం తడిసి ముద్దయింది.
అమ్మ అల్లిన చాప సముద్రం పాలు.
నాకు ఒళ్ళు మండిపోయింది.

తెల్లారాక అన్నాడు:
"బియ్యం ఓడ మీద మళ్ళీ వస్తుంది బూలే.
దీనికి గింజ లేదు.
పూస్తుంది గానీ పిందె పట్టదు.
పిట్ట మోయదు, వాన మోయదు.
ఒక తరం చేతులు మరిచిపోతే
ఇక లేదు."

మిరియం దీనికి మేనత్త కూతురని
బడిలో టీచరమ్మ చెప్పింది.
గింజలున్న చుట్టాలు లోకమంతా తిరిగాయి,
ఇది మాత్రం మా చెయ్యి పట్టుకుంది.

ఎప్పుడో, పేరైనా మిగలని ఒకడు
పడవ అడుగున
నీళ్ళ బుర్రకీ పందిపిల్లకీ మధ్య
తడి నాచు చుట్టి ఇలాంటి కర్రనే దాచాడు.
దీవి నుంచి దీవికి
ఎవరు ఎవర్ని మోసుకొచ్చారని అడిగితే
తాత నవ్వాడు: "ఎలుకనడుగు."
మొదట వేరు కొరికింది ఎలుకేనట.
చచ్చిందనుకున్నారు.
లేచింది. మళ్ళీ కొరికింది.
మనిషికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

సాయంత్రం నకమల్ చావడిలో
అరచేతిలో వేరు, పైన పగడపు రాయి,
నూరుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.
అక్క లోపలికి రాకూడదు.
కొండ మీంచి వేర్లు మోసుకొచ్చింది అక్కే.
ఈ మాట పైకి అనబోయాను,
అప్పటికే నాలుక మొద్దుబారింది.

బురదనీళ్ళ రంగు. రుచీ అదే.
మొదటి చిప్ప దిగేసరికి
సరిహద్దు రాయి ఇంకా గుర్తుంది,
పోయినేడు మా పందిని బల్లెంతో పొడిచిన
తారీ వాళ్ళ పెద్దోడూ గుర్తున్నాడు.
వాడు నా పక్కనే కూచున్నాడు.
తల వంచి, చెవి వొగ్గి
దేన్నో వింటున్నాడు.
ఏమిటా అని నేనూ విన్నాను.
ఎండాకుల మీద పీత నడుస్తోంది.

బడి పుస్తకంలో బొమ్మలున్నాయి:
వంగినవాడు, కాస్త లేచినవాడు,
నిటారుగా నిలబడ్డవాడు.
శత్రువు పక్కన చీకట్లో
కూచోవడం ఎప్పుడు నేర్చాడో
ఏ బొమ్మలోనూ లేదు.

ఇవాళ పొద్దున వాన వెలిసింది.
తాత మోకాళ్ళు వంగడం లేదు.
వేలితో కణుపు చూపించాడు,
నేను గొయ్యి తీసి పాతాను.
తలకిందులుగా పెట్టావని తిట్టాడు.
పీకి, తిప్పి పెట్టి
మట్టి అదిమాను.

కంచె అవతల తారీ వాళ్ళ పెద్దోడు
రెండు కర్రలు అడగడానికొచ్చి
ఏం అనకుండా నిలబడ్డాడు.