అడుగున బొబ్బర్లు

సాల్మియాలో శుక్రవారం. సెలవు మూడు గంటలే.
మారివిక్ తన డబ్బుతోనే కొనిపెట్టింది
పొడుగు గ్లాసులో ఐసు తురుము.

మీద ఊదారంగు ముద్ద. "ఊబె" అంది.
ఓసి, పెండలం!
మా అంబాజీపేట సంతలో
మట్టితో సహా తూస్తారు దీన్ని.
ఇక్కడ దీనికి మీగడ భోగం.

పనసతొన, సన్నగా చీరి.
అడుగున చూద్దును కదా, బొబ్బర్లు.
మంచులో బొబ్బర్లేంటే తల్లీ?

పైనుంచి ఒద్దికగా తింటున్నాను,
మేడం పిల్లలకి నేర్పిన పద్ధతిలో.
చెంచా లాక్కుంది.
హాలో హాలో అంటూ గిరగిరా కలిపేసింది.
కలుపు కలుపు అనట, దాని పేరే అదట.

కలిపాక రంగు బాగోలేదు.
రుచి మాత్రం
చెప్పబోతే ఫోను మోగింది.
ఆమెదీ మోగింది.
మిగిలింది నిలబడే తాగేశాం.

బస్సులో నాలుక చాపి చూపించింది, ఊదాగా.
చుట్టూ చూసి
నేనూ చాపాను.