అండి

దాళ్వా నాట్లయిన నెలకి
మా కాలువ గ్రూపులో రెండొందల పన్నెండు మంది.
రాత్రి పదకొండింటికి
రెండొందల మంది పడుకునే ఉంటారు.
మిగిలినవాళ్ళం పోట్లాడుకుంటున్నాం.

జోగిరాజు రాశాడు:
"నీ చేలో ఉప్పు తేలితే నా చెరువుదేనా తప్పు
సముద్రం మీ తాతదా"

రెండే లైన్లు.
చుక్క లేదు, కామా లేదు,
మా వైపు మాట చివర ఉండాల్సిందేదో
అదీ లేదు.

మా ఊళ్ళో కోడిని ఎత్తుకుపోతున్నవాణ్ణి పట్టుకున్నా
"ఎక్కడికండీ పట్టుకెళ్తన్నారు" అనే అడుగుతారు.
గట్టు తగాదాలో పార ఎత్తిన రోజున
మా మావగారు, ఈ జోగిరాజు వాళ్ళ నాన్నని
"నరికేత్తానండి, ఆయ్" అన్నారట.
ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.
పార దిగలేదు.
అండి అడ్డం పడింది.

ఫోన్లో అదే ముందు రాలిపోతుంది.
బొటనవేలికి కోపం వచ్చినప్పుడు
రెండక్షరాలు ఎక్కువ నొక్కే ఓపిక ఎక్కడిది?

నేనూ నొక్కాను.
పోయినేడు తెల్లమచ్చ తగిలి
ఆయన రొయ్య మొత్తం ఒక్క రాత్రిలో పోయిందని,
తెల్లారేదాకా గట్టు మీద
చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్నాడని
నాకు తెలుసు.
చేలో మందు కొడుతూ నేనే చూశాను.
"దేవుడు ఊరికే చూస్తాడా" అని మొదలెట్టి
అదంతా రాశాను.
ఇంక పంపడమే.

పైన ఆయన పేరు కింద
టైపింగ్ అని వచ్చింది.
పోయింది.
మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది.

నా కౌలు బాకీ సంగతి ఆయనకి తెలుసు.
మా ఆయన ఎవరెవరి దగ్గర చేబదులు అడిగాడో కూడా.
అదే రాస్తున్నాడేమో.
అదే చెరుపుతున్నాడేమో.

నేను రాసింది అలాగే ఉంచి
ఆయన రాసింది పైకి చదివాను,
రాలిపోయినవి ఏరి, ఎక్కడివి అక్కడ అతికించి:

"మీ చేలో ఉప్పు తేలితే నా చెరువుదేనా అండి తప్పు?
సముద్రం మీ తాతగారిదా అండి?"

నవ్వొచ్చింది ముందు.
తర్వాత రాలేదు.
అది తిట్టు కాదు, ప్రశ్న.
నిజంగానే సముద్రం ఎవరి తాతది?
మురుగు కోడుకి షట్టరు విరిగి మూడేళ్ళు,
పోటు వచ్చినప్పుడల్లా అది ఎంత దూరం ఎక్కి వస్తోందో
మేమెవరం కొలిచాం?

రాసిందంతా చెరిపి ఇలా పంపాను:
"జోగిరాజు గారూ, మా తాతదైతే కౌలుకిచ్చేవాడండి.
మీ తూము గొట్టం మటుకు కోడులోనే ఉందండి.
రేపొద్దున్న మీ ఉప్పు మీటరు తెండి,
రెండు చోట్లా చూద్దాం.
భూలక్ష్మి."

చాలాసేపు ఏమీ రాలేదు.
దూరంగా ఆయన చెరువులో ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు.
తర్వాత ఒక్క ముక్క:
"ఆయ్."

పొద్దున్న గట్టు మీద
ఒక కన్ను మూసి ఆయన చూశాడు,
మీటరు తుడిచి నాకిచ్చాడు, నేనూ చూశాను.
ఆయన తూము కొంత, విరిగిన షట్టరు కొంత.
ఇద్దరం పూర్తిగా గెలవలేదు.
నా వరికి ఆకుల కొసలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.
గొట్టం గురించి ఆదివారం మళ్ళీ వేసుకున్నాం,
ఈసారి గారులతో.

అన్నిటికీ అతకదు అది.
మొన్న ఒకాయన నీళ్ళ వంతు మాటల్లో
ఏసుపాదం కులం ఎత్తాడు.
ఆ మాటకి ఎన్ని అండిలు పెట్టి చదివినా
నిలబడలేదు.
గ్రూపులోంచి తీసేశాం.
తీసేసే ముందు నేను రాసింది
ఒకటే:
"వెళ్ళి రండి."
వెళ్ళమనడం ఒక్కటే అయితే
ఆ రెండో మాట అక్కర్లేదు.