సగం నీటికి

బీనా దాటాక రోడ్డు తారు మానేస్తుంది.
నా దగ్గర మూత బిగించిన సీసాలు,
గంధకం లెక్కగట్టే కాగితాలు,
మోకాళ్ళ దాకా ప్రభుత్వం వారి బూట్లు.
ఆర్డిస్ వాకనాబో ఎగాదిగా చూసి
"అవి విప్పి ఎక్కు, పడవ పల్చన" అంది.

మిన్నెసోటాలో ఆగస్టు ఆఖరు.
ఎవరూ తవ్వని చెరువు, ఎవరూ దున్నని పైరు,
మనిషెత్తు.
ఊరి పెద్ద గింజ నమిలి చూసి ఊఁ అనేదాకా
నిన్నటి వరకు ఒక్క పడవా కదల్లేదట.

వెనక డెల్విన్ చీలిక గడతో నెడుతున్నాడు.
ఆమె చేతుల్లో రెండు దేవదారు కర్రలు.
ఒకటి వెన్నుల్ని ఒళ్ళోకి వంచుతుంది,
జడ వేయడానికి పిల్లని కూచోబెట్టుకున్నట్టు.
రెండోది తాకుతుంది.
కొట్టదు. తాకుతుంది.
జలజల.
సగం పడవలోకి, సగం నీళ్ళలోకి.

"సగం పోతోంది కదా!"
కళ్ళంలో చివరి గింజ దాకా ఊడ్చుకునే వంశం నాది,
ఆగలేకపోయాను.
"పోవడమేంటి, దాని వాటా అది."

ఒకే దుబ్బులో ఒక వెన్ను పాలు పట్టింది,
ఒకటి ముదిరింది, ఒకటి అప్పుడే ఖాళీ.
"ఒక్కసారే పండే రకం చేశారు మీ చదువుకున్నవాళ్ళు,
యంత్రం వచ్చేదాకా రాలదట.
వడగళ్ళు ఒక్కరోజే పడతాయి పిల్లా.
అందుకే మావి ఒక్కరోజు పండవు."
ఉత్తరపు మూలది పొట్టి, నల్లన.
వాగు కలిసే చోటిది సన్నం, వేయించితే త్వరగా మాడుతుంది.
బాతుల మడుగులోది మనది కాదు, బాతులది.
ఇవేవీ నా ఫారంలో లేవు.
నా ఫారంలో ఒకటే గడి: వైల్డ్ రైస్.

"మనోమిన్" అంది.
మనో అనగానే నా చెవి మనసు వైపు పరిగెత్తింది.
తప్పే. వాళ్ళ మాటలో అది మంచి గింజ.
ఆ భాష బడిలో మాట్లాడినందుకు
ఆమె తల్లి నోరు సబ్బుతో కడిగారట.
"మరి మీ భాషలో?"
నీళ్ళు నమిలాను.

రాత్రి మోటల్‌లో మేజోడు విప్పుతుంటే చురుక్కుమంది.
గింజ. సూదిలాంటి దాని తోక
ఉన్నిని బురద అనుకుని దిగబడింది.
లాగుతుంటే ఎక్కణ్ణించో వచ్చింది మాట:
నివ్వరి.
ఋషిపంచమి నాడు మేనత్త ఎసట్లో పోసిన పిడికెడు,
నాగలి ఎరగని గింజ.
మాట మిగిలింది నాకు.
అది పెరిగే మడుగు ఎక్కడని
ఎప్పుడూ అడగలేదు.

తెల్లారి ముప్పై మైళ్ళు వెనక్కి,
ఒక్క గింజ నీళ్ళలో వేయడానికి.
ఆర్డిస్ పడీపడీ నవ్వింది,
డెల్విన్‌ని పిలిచి మరీ చూపించింది.
మాట చెప్పాను.
ఆమె నోట్లో అది నిబ్బరి అయింది.
నేను దిద్దలేదు.