అలసట దొర

ఆయన అసలు పేరు ఆల్‌స్టెడ్.
గోపాలపురం నోళ్ళలో అది నిలవలేదు.
మా పేటవాళ్ళు రెండు రోజుల్లోనే
అలసట దొర అనేశారు.
పిలిస్తే పలికేవాడు.

రంగూన్ ఓడలో బొగ్గు పోసేవాడు.
జ్వరమొస్తే ఇక్కడ దింపి
ఓడ వెళ్ళిపోయింది.
ఒడ్డునున్న హోటలువాళ్ళు పనిలో పెట్టుకున్నారు,
తాగి పడిపోయిన దొరల్ని గదికి మోసుకుపోయే పని.
స్నానానికొచ్చే దొరసానుల చెయ్యి పట్టుకుని
అలలు దాటించే పని మా తాత దండాసిది.
నెత్తిన వెదురు టోపీ,
దాని మీద సున్నంతో పదిహేడో నంబరు.

దొర కథ తాతకి ముక్కలు ముక్కలుగా అందింది,
మద్రాసు బట్లరు దేవసహాయం తెలుగులో.
గనుల ఊరు. తండ్రి గనిలోనే పోయాడు.
పద్నాలుగేళ్ళకి సంతలో గుడారం కింద
మొదటి గుద్దులాట, ఐదు షిల్లింగులకి.
నాలుగు అమ్మ చేతిలో పెట్టి
ఒకటి వేయించిన చేపలకి తగలేశాడట.
ఆ తర్వాత నూట ముప్పై ఆరు పందాలు.
రైల్లో నిద్ర,
కనుబొమ్మ మీద కుట్లు ఆరకముందే ఇంకో ఊరు.
ఒక్క ఏడాది పేపర్లో బొమ్మ పడింది.
జేబులో ఆ కాగితం మడతల దగ్గర చిరిగి
ముఖం నాలుగు ముక్కలైంది.
"ఇప్పుడు నాలాగే ఉంది" అనేవాడట.

తాత ఆయనకి అల దాటడం నేర్పాడు.
"గుద్దకు దొరా, ఒగ్గీ.
బుర్ర వొంచి కిందనించి దూరీ,
అదే నీ మీంచి ఎల్లిపోద్ది."
మొలలోతు నీళ్ళలో చాలాసేపు నిలబడి
దొర ఏదో అన్నాడు.
దేవసహాయం అప్పుడక్కడ లేడు.
ఆ మాటేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ముప్పై నాలుగో సంవత్సరం, ఎండాకాలం.
బరంపురం అప్పటికింకా మద్రాసు కిందే.
సర్కస్ గుడారంలో, ఖుర్దా రైల్వే షెడ్డు కుర్రాడితో
ఎనిమిది రౌండ్లు, గెలిస్తే నలభై రూపాయలు.
దొర మూలన నిలబడ్డానికి తాతని తీసుకెళ్ళారు.
బకెట్టు, స్పాంజి, కొత్త తువ్వాలు.
దేవసహాయం ఒక్కటే చెప్పాడు:
"దొర ఇక ఆగలేడనిపిస్తే తువ్వాలు విసురు."

ఐదో రౌండులో దొర ఎడమకన్ను పూడిపోయింది.
ఆరులో మోకాలు నేలకానింది.
తాత తువ్వాలు తీశాడు.
విసిరాడు.
రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని,
తాళ్ళ మీదుగా వంగి,
జ్వరమొచ్చిన బిడ్డకి విసిరినట్టు.

గుడారమంతా నవ్వింది.
ఒడియావాళ్ళు, తెలుగువాళ్ళు,
ముందు కుర్చీల్లో సిగార్లు కాల్చేవాళ్ళు.
దేవసహాయం వెనకనుంచి విసురు, విసురు అని అరుస్తుంటే
తాత ఇంకా గట్టిగా విసిరాడు.
మరో రెండు రౌండ్లు కొట్టారు ఆయన్ని
మా భాషలో ఒక మాటకి రెండర్థాలున్నందుకు.
ఎనిమిదిలో పడ్డాడు.
పది లెక్కపెట్టారు.

రాత్రి ఎద్దుబండిలో తిరిగొస్తుంటే
దేవసహాయం అటూ ఇటూ విడమరిచి చెప్పాడు.
తాత ఏడ్చాడు.
దొర పగిలిన పెదవితో నవ్వలేక
పక్కటెముకలు పట్టుకుని నవ్వాడు.
నవ్వి, తువ్వాలు తాత చేతిలో పెట్టి
విసరమని సైగ చేశాడు.
గోపాలపురం దీపస్తంభం కనబడేదాకా
తాత విసురుతూనే ఉన్నాడు.

యుద్ధమొచ్చాక దొర ఎటుపోయాడో
ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు.
ఆ తువ్వాల్లో మా నాన్నని ఊపారు.
నాకు తెలివొచ్చేసరికి
లాంతరు గాజు తుడిచే పేలిక అది.

నాది ఒడియా బడి.
తెలుగు అక్షరాలు ముప్పై దాటాక దిద్దుకున్నాను.
మొన్న నిఘంటువు తెరిచి
ఆ మాట వెతికాను.
పక్కన ఒకటీ, రెండూ అని
అంకెలు వేసి ఉన్నాయి.
పది దాకా లేవు.